డీజిల్ ఇంజన్ బరువు: ఎంత, ఎక్కడ, ఎందుకు

హనుమకొండలో సెకండ్ హ్యాండ్ మారుతి డిజైర్ కొనబోయేవాళ్లు పెట్రోలు కారు, డీజిల్ కారు వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. బాడీ అదే, డోర్లు అవే, డిక్కీ అదే. 2017 మోడల్‌ పెట్రోలు కారు వేరియంటును బట్టి 860 నుంచి 895 కిలోలు ఉంటే, డీజిల్ కారు 955 నుంచి 990 కిలోలు ఉంటుంది. అంటే 95 కిలోల తేడా. 40 కిలోల వడ్ల బస్తాలు దాదాపు రెండున్నర, రోజూ బానెట్ కింద వేసుకుని తిరిగినట్టు.

ఇంజన్ల సైజులో మాత్రం అంత తేడా లేదు. పెట్రోలు ఇంజన్ 1197 సీసీ, డీజిల్ 1248 సీసీ. రెండూ నాలుగు సిలిండర్లవే. 51 సీసీకి 95 కిలోలు ఎలా పెరిగాయని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు, "డీజిల్ ఇంజన్‌ది బీడు బ్లాకు, పెట్రోలుది అల్యూమినియం" అని. బీడు అంటే పోత ఇనుము, బ్లాకు అంటే సిలిండర్లుండే ఇంజన్ ఒళ్లు. ఈ రెండు ఇంజన్ల వరకు ఆ మాట నిజమే, కానీ జవాబు అక్కడితో పూర్తికాదు. బీడు బ్లాకుతో తేలికైన పెట్రోలు ఇంజన్లున్నాయి, అల్యూమినియం బ్లాకుతో డీజిల్ ఇంజన్లూ ఉన్నాయి. పైగా ఆ 95 కిలోలన్నీ ఇంజన్‌వి కావు. గేరుబాక్సు, బ్యాటరీ, టర్బో, ఇంటర్‌కూలర్, స్ప్రింగులు, చప్పుడు ఆపే షీట్లు అన్నీ అందులో వాటా పంచుకున్నాయి.

బరువు మొదలయ్యే చోటు

పెట్రోలు ఇంజన్‌లో గాలి, పెట్రోలు కలిసి లోపలికి వస్తాయి. ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తే అంటుకుంటాయి. ఆ మిశ్రమాన్ని మరీ గట్టిగా నొక్కితే రవ్వ పడకముందే తనంతట తాను అంటుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది ఆ కోవకు చెందినదే. అందుకే పెట్రోలు ఇంజన్ కంప్రెషన్ మామూలుగా 9 నుంచి 11 రెట్ల దగ్గర ఆగిపోతుంది. డీజిల్‌కు రవ్వ ఇచ్చే ప్లగ్గు లేదు. గాలిని ఒక్కదాన్నే నొక్కి, ఆ వేడికి డీజిల్ దానంతట అదే అంటుకునేలా చేయాలి. పాత డీజిళ్లలో గాలిని 18 నుంచి 22 రెట్లు నొక్కేవాళ్లు, ఇప్పటివాటిలో 15 నుంచి 17 రెట్లు. ఆపైన టర్బో ఉంటుంది కాబట్టి లోపలికి వచ్చే గాలే ముందుగా కొంత నొక్కుకుని వస్తుంది.

ఇంధనం అంటుకున్న క్షణంలో పిస్టన్ నెత్తిమీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క వేస్తే బరువు సంగతి తేలిపోతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్‌లో అది సుమారు 50 నుంచి 70 బార్లు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). కార్ల డీజిల్‌లో 130 నుంచి 200 బార్ల దాకా పోతుంది. డిజైర్ కొలతలతోనే చూద్దాం. పెట్రోలు పిస్టన్ బోరు, అంటే అడ్డుకొలత, 73 మిల్లీమీటర్లు, వైశాల్యం దాదాపు 42 చదరపు సెంటీమీటర్లు. 65 బార్ల ఒత్తిడి అనుకుంటే దాని మీద పడే బరువు సుమారు 2.8 టన్నులు. డీజిల్ పిస్టన్ ఇంకా చిన్నది, బోరు 69.6 మిల్లీమీటర్లు, వైశాల్యం 38 చదరపు సెంటీమీటర్లు. 150 బార్లు అనుకుంటే పడే బరువు 5.8 టన్నులు. పిడికిలంత పిస్టన్ మీద 145 వడ్ల బస్తాలన్నమాట. ఇంజన్ 2000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 2000 చుట్లు) తిరుగుతుంటే ప్రతి సిలిండర్‌లో ఈ దెబ్బ సెకనుకు 16 సార్లకు పైగా పడుతుంది.

ఆ దెబ్బ పిస్టన్ దగ్గర ఆగదు. పిస్టన్ నుంచి పిన్నుకు, పిన్ను నుంచి కనెక్టింగ్ రాడ్డుకు, అక్కడి నుంచి పైకీ కిందికీ ఆడే కదలికను గుండ్రంగా తిప్పే క్రాంకుకు, క్రాంకు నుంచి మెయిన్ బేరింగు క్యాపులకు దిగుతుంది. అదే ఒత్తిడి సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డును పైకి లేపాలని చూస్తుంది కాబట్టి హెడ్డు బోల్టులు ఆ లాగుడు తట్టుకోవాలి. ఈ గొలుసులో ఒక్క లంకె బలహీనంగా ఉన్నా అక్కడే తెగుతుంది. కాబట్టి ఏ ఒక్క భాగాన్నో కాదు, అన్నింటినీ లావు చేయాల్సిందే.

పెట్రోలు పిస్టన్, డీజిల్ పిస్టన్ చెరొక చేతిలో పట్టుకుంటే ఇది కళ్లకు కనిపిస్తుంది. డీజిల్ పిస్టన్ పొడవుగా ఉంటుంది. ఇంధనం మండే గిన్నె దాని నెత్తిలోనే ఉంటుంది కాబట్టి ఆ గిన్నె కింద కూడా తగినంత లోహం ఉండాలి. పై రింగు కూర్చునే గాడి చుట్టూ గట్టి ఇనుప వలయాన్ని పోతలోనే కలిపేస్తారు, లేకపోతే ఆ వేడికీ దెబ్బకూ అల్యూమినియం గాడి అరిగి రింగు ఊగుతుంది. పిన్ను లావుగా ఉంటుంది. చిన్న పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి పోత క్రాంకు సరిపోతే, డీజిల్‌లో ఎక్కువగా సాగగొట్టిన ఉక్కు క్రాంకు ఉంటుంది. ఫ్లైవీలుదీ ఇదే కథ. దెబ్బకు దెబ్బకు మధ్య ఇంజన్ కుదుపును మింగాల్సింది అదే. డీజిల్ దెబ్బ పెద్దది కాబట్టి ఫ్లైవీలు బరువుగా ఉండాలి. పెద్ద కార్లలో మధ్యలో స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీలు పెడతారు, దాని బరువు 10 కిలోలు దాటడం మామూలే.

ఈ బరువు ఇంకోచోట దారి మూసేస్తుంది. బరువైన పిస్టన్ వేగంగా పైకీ కిందికీ ఆడితే రాడ్డు మీద పడే లాగుడు వేగం పెరిగినకొద్దీ వర్గంలో పెరుగుతుంది. 4000 నుంచి 6000 ఆర్‌పీఎంకు పోతే వేగం ఒకటిన్నర రెట్లు, లాగుడు రెండుంబావు రెట్లు. డీజిల్ మండడానికీ కొంత సమయం కావాలి. అందుకే డిజైర్ డీజిల్ 75 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ అంతే) శక్తిని 4000 ఆర్‌పీఎంలోనే ఇచ్చి ఆగుతుంది, పెట్రోలు 83 పీఎస్‌ను 6000లో ఇస్తుంది. టార్క్, అంటే తిప్పే బలం దగ్గర మాత్రం డీజిల్ ఇచ్చేది 190 న్యూటన్ మీటర్లు, అదీ 2000 ఆర్‌పీఎంలో. పెట్రోలుది 4200 దగ్గర 113. అదనపు బరువుకు కొనేది ఈ టార్కే.

బీడు, అల్యూమినియం

బీడు సాంద్రత 7.2, అల్యూమినియంది 2.7. ఈ రెండు అంకెలు చూసి అల్యూమినియం బ్లాకు బీడు బ్లాకులో మూడో వంతు బరువుంటుందని అనుకోవద్దు. అల్యూమినియంకు బిగువు తక్కువ, ఆ లోటు పూడ్చడానికి గోడలు మందం చేయాలి, పట్టీలు పోయాలి, సిలిండర్లలో ఇనుప స్లీవులు దించాలి. వేడి 200 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాని బలం తగ్గడం మొదలవుతుంది. వేడికి బీడు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, అంటే ఇనుప బేరింగు క్యాపులకూ అల్యూమినియం బ్లాకుకూ మధ్య సందు వేడికి మారుతుంది. డీజిల్ ఇంజన్లు ఇన్నేళ్లు బీడును వదలకపోవడానికి కారణాలివి. బీడుకు ఇంకో సుగుణముంది. అది కుదుపును, చప్పుడును కొంత మింగేస్తుంది.

అయినా దారులు తెరుచుకున్నాయి. మెర్సిడెస్ 2016లో ఓఎం 654 అనే 2 లీటర్ల డీజిల్‌ను అల్యూమినియం బ్లాకుతో తెచ్చింది. దాని బరువు 168.4 కిలోలు. అంతకు ముందున్న ఓఎం 651 బరువు 202.8 కిలోలు. చిత్రమేమిటంటే, బ్లాకును అల్యూమినియంకు మార్చిన ఆ ఇంజన్‌లో పిస్టన్లను అల్యూమినియం నుంచి ఉక్కుకు మార్చారు. ఉక్కు పిస్టన్ పొట్టిగా చేయొచ్చు, వేడికి తక్కువ సాగుతుంది, రాపిడి తగ్గుతుంది. మాజ్డా స్కైయాక్టివ్ డీజిల్ ఇంకో దారి పట్టింది. కంప్రెషన్‌నే 14కు దించింది. ఒత్తిడి తగ్గింది కాబట్టి బ్లాకు అల్యూమినియంతో చేసి, బ్లాకు ఒక్కదానిలోనే 25 కిలోలు దించగలిగారు. హోండా 1.6 లీటర్ల డీజిల్ తన పాత 2.2 లీటర్ల డీజిల్ కంటే 47 కిలోలు తేలిక. సిలిండర్ గోడల మందం 9 మిల్లీమీటర్ల నుంచి 8కి తగ్గించారు. మన రోడ్ల మీద తిరిగే అమేజ్‌లోని 1.5 లీటర్ల డీజిల్ ఆ కుటుంబానిదే.

అటువైపు ఫోర్డ్ 1 లీటర్ ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజన్ చూడండి. మూడు సిలిండర్లు, టర్బో, బీడు బ్లాకు. మొత్తం ఇంజన్ 97 కిలోలు. బీడు బ్లాకు చిన్నగా, పలుచగా పోయగలిగితే పెద్ద అల్యూమినియం బ్లాకుతో పోటీపడుతుంది, త్వరగా వేడెక్కి చల్లటి స్టార్టింగులో ఇంధనం కూడా మిగులుస్తుంది. డిజైర్‌లో ఉన్న 1.3 మల్టీజెట్ డీజిల్ బీడు బ్లాకుతోనే 130, 140 కిలోల మధ్య ఉంటుంది. డీజిళ్లలో అది తేలికైనదే. మధ్యలో ఇంకో రకం బీడు కూడా ఉంది. లోపలి గ్రాఫైట్ రేకుల్లా కాకుండా పురుగుల్లా పొట్టిగా ముడుచుకునేలా పోసిన బీడు. మామూలు బీడు కంటే చాలా బలమైంది కాబట్టి గోడలు పలుచన చేయొచ్చు. పెద్ద వీ6, వీ8 డీజిళ్లకు దాన్ని వాడారు.

పెట్రోలు బ్లాకును డీజిల్ చేస్తే

పెట్రోలు ఇంజన్‌ను కొద్దిగా మార్చి డీజిల్ చేస్తే సరిపోదా అనే ఆలోచన కార్ల కంపెనీలకూ వచ్చింది. 1976లో ఫోక్స్‌వ్యాగన్ తన గోల్ఫ్ పెట్రోలు ఇంజన్ కుటుంబం నుంచి 1.5 లీటర్ల డీజిల్‌ను తీసి బాగా నడిపించింది. అప్పటి డీజిల్‌కు టర్బో లేదు, ఇంధనం నేరుగా కాక పక్క గదిలోకి చిమ్మేవారు, కాబట్టి దెబ్బ కాస్త మెత్తగా పడేది. మన అంబాసిడర్‌లో కూడా 1489 సీసీ పెట్రోలు, 1489 సీసీ డీజిల్ రెండూ ఒకే ఇంగ్లండ్ ఇంజన్ వంశానివే. అదే కాలంలో, 1978లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల వీ8 డీజిల్ మాత్రం పాఠ్యపుస్తకంలో పెట్టాల్సిన వైఫల్యం. బ్లాకును గట్టి చేశారు, క్రాంకును లావు చేశారు. కానీ ఫ్యాక్టరీలో అవే యంత్రాలు వాడుకోవడానికి హెడ్డు బోల్టుల అమరిక పెట్రోలు ఇంజన్‌దే ఉంచేశారు. బోల్టులు సాగాయి, హెడ్డు గ్యాస్కెట్లు పోయాయి, నీళ్లు సిలిండర్‌లోకి దిగాయి. నీళ్లు నలగవు కాబట్టి పిస్టన్ పైకి వచ్చేసరికి రాడ్డు వంగింది. 1985తో ఆ ఇంజన్ ఆగిపోయింది. అంత ఇనుము పోసిన ఇంజన్‌ను బోల్టులు ఓడించాయి.

ఇంజన్ చుట్టూ ఉన్న బరువు

ఇప్పుడు 95 కిలోల్లో మిగతా వాటా. డీజిల్‌కు టర్బో, దాని ఇనుప మానిఫోల్డు, టర్బో నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, పైపులు కావాలి. 1600 బార్ల ఒత్తిడి పుట్టించే పంపు, ఆ ఒత్తిడిలో డీజిల్‌ను నిలిపి ఉంచే ఉక్కు గొట్టం (దాన్నే రైలు అంటారు), నాలుగు ఇంజెక్టర్లు కావాలి. గేరుబాక్సు 113 కాక 190 న్యూటన్ మీటర్లు మోయాలి, కాబట్టి పళ్లు, షాఫ్టులు, క్లచ్ ప్లేటు, డ్రైవ్ షాఫ్టులు పెద్దవవుతాయి. అంత కంప్రెషన్‌ను తిప్పి లేపాలంటే స్టార్టర్ మోటారు పెద్దది కావాలి, దానికి తగ్గ బ్యాటరీ కావాలి. 35 ఏహెచ్ బ్యాటరీ పది కిలోల లోపే ఉంటుంది, 65 ఏహెచ్ బ్యాటరీ 16 కిలోల దాకా ఉంటుంది. బ్యాటరీ దగ్గర బరువు, డబ్బు మిగుల్చుకుందామని డీజిల్ కారులో చిన్నది పెడితే ఎండాకాలం నడిచిపోతుంది. డిసెంబరులో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగినప్పుడు, చలిలో సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు కొంత కరెంటు తిన్నాక, స్టార్టర్ మూలుగుతుంది.

ట్యాంకులోని ఇంధనం సంగతి కూడా కొందరు లెక్కలోకి తెస్తారు. డిజైర్ ట్యాంకు 37 లీటర్లు. పెట్రోలు లీటరుకు 0.74 కిలోల లెక్కన 27 కిలోలు, డీజిల్ 0.83 లెక్కన 31. మూడు, నాలుగు కిలోల తేడా, పట్టించుకోనక్కర్లేదు.

2020లో వచ్చిన బీఎస్6 పొగ నిబంధనల తర్వాత పొగ శుభ్రం చేసే సామాను కలిసింది. మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, పెద్ద ఇంజన్లకు పొగలోని విషవాయువులు తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు, దాని పంపు, పైపులు, హీటరు. యాడ్‌బ్లూ నీటి కంటే కొంచెం బరువైన ద్రవం, లీటరు 1.09 కిలోలు. 15 లీటర్ల ట్యాంకు నింపితే అదొక్కటే 16 కిలోలు. చిన్న కార్లలో డీజిల్ కనుమరుగు కావడానికి ఈ సామాను ధర ఒక ముఖ్య కారణం. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది.

మరోపక్క పెట్రోలు ఇంజన్లు డీజిల్ బాట పట్టాయి. టర్బో వచ్చింది, ఇంటర్‌కూలర్ వచ్చింది, సిలిండర్‌లోకి నేరుగా చిమ్మే 200 నుంచి 350 బార్ల పంపు వచ్చింది. సిలిండర్ ఒత్తిడి 100 బార్లు దాటుతోంది, కాబట్టి క్రాంకు, రాడ్డు, బోల్టులు లావవుతున్నాయి. ఇప్పటి టర్బో పెట్రోలుకూ ఇప్పటి అల్యూమినియం డీజిల్‌కూ మధ్య తేడా, పాతకాలపు పెట్రోలుకూ డీజిల్‌కూ ఉన్నంత లేదు.

పోలిక ఎక్కడ తప్పుతుంది

"డీజిల్ ఇంజన్ పెట్రోలు కంటే ఇన్ని కిలోలు ఎక్కువ" అని ఎవరైనా ఒక్క అంకె చెబితే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఏ స్థితిలో తూచారు? దేన్ని సమానంగా పెట్టుకుని పోల్చారు?

మొదటిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒకరు ఆయిల్, కూలెంట్ తీసేసిన ఇంజన్ బరువు చెబుతారు. ఇంకొకరు అల్టర్నేటర్, స్టార్టర్, ఏసీ కంప్రెసర్, క్లచ్‌తో సహా చెబుతారు. మూడోవారు గేరుబాక్సు కూడా కలిపేస్తారు. గేరుబాక్సు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. ఒక పెట్రోలు ఇంజన్ ఉత్త బరువును, ఒక డీజిల్ ఇంజన్ నిండు బరువును పక్కపక్కన పెడితే తేడా రెట్టింపుగా కనిపిస్తుంది.

రెండోది అసలు చర్చ. సీసీ సమానంగా పెడితే డీజిల్ బరువుగా తేలుతుంది. హార్స్‌పవర్ సమానంగా పెడితే ఇంకా బరువుగా తేలుతుంది, ఎందుకంటే డీజిల్ తక్కువ ఆర్‌పీఎంలో ఆగిపోతుంది కాబట్టి అదే పవర్‌కు పెద్ద ఇంజన్ కావాలి. టార్క్ సమానంగా పెడితే లెక్క మారిపోతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్ 190 న్యూటన్ మీటర్లు ఇవ్వాలంటే రెండు లీటర్ల దగ్గరికి పోవాలి. ఆ రెండు లీటర్ల ఇంజన్‌ను 1.3 డీజిల్ పక్కన తూకం వేస్తే తేడా చాలావరకు కరిగిపోతుంది. రోజూ నలుగురు మనుషులతో, నిండు డిక్కీతో నడిచే కారుకు టార్క్ పోలికే సరైనది. పది కిలోమీటర్ల లోపు ఒంటరిగా తిరిగే కారుకు సీసీ పోలిక చాలు.

సొంతంగా తూచి చూడాలనుకునేవాళ్లకు మన దగ్గర వసతి ఉంది. దించిన ఇంజన్‌కైతే పత్తి తూచే వేలాడే డిజిటల్ కాంటా చాలు, కానీ దాని మీద రాసిన సామర్థ్యం చూసుకోవాలి, 300 కిలోలది అయితే నిశ్చింత. చైన్ బ్లాకు ఒక టన్నుది వాడాలి. గొలుసు కొక్కెం హెడ్డు రెండు చివరలా కంపెనీ ఇచ్చిన లిఫ్టింగ్ హుక్కులకే తగిలించాలి. డీజిల్ రైలుకో ఇన్‌టేక్ మానిఫోల్డుకో తాడు కట్టి లేపితే రైలు పైపు మిల్లీమీటరు వంగినా చాలు, 1600 బార్ల దగ్గర అక్కడే కారుతుంది. గేరుబాక్సుతో కలిపి లేపుతుంటే బరువు గేరుబాక్సు వైపు మొగ్గుతుంది, అటువైపు గొలుసు పొట్టిగా పట్టాలి. ఆయిల్, కూలెంట్ ఉన్నాయో లేవో, ఏయే సామాను బిగించి ఉందో కాగితం మీద రాసుకున్నాకే అంకె రాసుకోవాలి.

కారు మొత్తాన్నైతే లారీలు తూచే ధర్మకాంటా మీద తూచొచ్చు. కాకపోతే అవి చాలావరకు 10 కిలోల మెట్లలో చూపిస్తాయి. 95 కిలోల తేడా కొలవడానికి ఆ మెట్టు పెద్దదే. కాబట్టి ఒక్కసారి తూచి నమ్మొద్దు. ట్యాంకు నింపి, స్టెప్నీ, జాకీ తప్ప సామానంతా తీసేసి, డ్రైవర్ దిగిపోయాక మొత్తం కారును తూచండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి తూచండి, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే. ముందు, వెనక కలిపితే మొత్తానికి 10, 20 కిలోల లోపు సరిపోవాలి. సరిపోకపోతే కాంటా పక్కన నేల ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు, కారు వాలి బరువు అటో ఇటో జరుగుతోంది.

ముందు చక్రాల మీద

ఈ ముందు చక్రాల అంకెనే అసలు చూడాల్సింది. లెక్కకు, 880 కిలోల పెట్రోలు కారులో 60 శాతం, అంటే 528 కిలోలు ముందు చక్రాల మీద ఉన్నాయనుకుందాం. డీజిల్‌లో పెరిగిన 95 కిలోల్లో 85 ముందే పడతాయి. మొత్తం కారు 11 శాతం పెరిగితే ముందు ఇరుసు 16 శాతం పెరిగింది. ఒక్కో ముందు చక్రం మీద 42 కిలోలు ఎక్కువ. చిన్న కారు స్ప్రింగు ఆ బరువుకు రెండు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. అందుకే కంపెనీలు డీజిల్ కారుకు గట్టి స్ప్రింగు ఇస్తాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పార్ట్ నంబరూ రంగు గుర్తూ మాత్రమే వేరు.

షెడ్డులో జరిగే పొరపాటు ఇక్కడే. స్ప్రింగు విరిగిందని స్క్రాపు కారు నుంచి పెట్రోలు స్ప్రింగు తెచ్చి డీజిల్ కారుకు వేస్తారు. సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొన్నాళ్లకు స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద తగలడం, టైరు లోపలి అంచు అరగడం, లోయర్ ఆర్మ్ బుష్షులు తొందరగా పోవడం మొదలవుతాయి. పరీక్ష సులువు. కారును చదును నేల మీద పెట్టి, గాలి సరిచూసి, చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో రెండు వైపులా కొలవాలి. కుడి ఎడమల మధ్య 10 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే స్ప్రింగు నంబరు చూడాల్సిందే. రెండూ సమానంగా దిగి ఉంటే రెండూ పెట్రోలువే వేశారేమో చూడాలి. టైరు గాలి కూడా డీజిల్‌కు వేరే అంకె ఉండొచ్చు, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నదే పట్టాలి. పెట్రోలు కారు అంకెతో డీజిల్ కారు ముందు టైర్లు నింపితే వాటి అంచులు అరుగుతాయి, ఎండాకాలం హైదరాబాద్ రోడ్డు మీద గంటన్నర వేగంగా నడిపితే టైరు వేడెక్కుతుంది.

ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగులదీ ఇదే సంగతి. డీజిల్‌కు లోపల ద్రవం ఉన్న మౌంటింగు ఇస్తే, చౌకగా దొరికిందని ఉత్త రబ్బరుది వేస్తారు. ఐడిల్‌లో డ్యాష్‌బోర్డు వణుకుతుంది. ఆ వణుకు ఇంజెక్టర్‌దని అనుకుని ఇంజెక్టర్ల మీద వేలు పోస్తారు. ముందు మౌంటింగు మార్చి చూడటం మంచిది.

హెడ్డు దించినప్పుడు డీజిల్‌లో ఇంకో జాగ్రత్త ఉంది, పెట్రోలు ఇంజన్ చేసి అలవాటైనవాళ్లు తరచూ మరిచేది. చాలా డీజిళ్లలో హెడ్డు గ్యాస్కెట్ ఒకే మందంలో రాదు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు మట్టానికి ఎంత పైకి లేస్తుందో డయల్ గేజీతో కొలిచి, దాన్ని బట్టి గ్యాస్కెట్ ఎంచుకోవాలి. గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లో, రంధ్రాలో ఆ మందాన్ని చెబుతాయి. పాత గ్యాస్కెట్ పడేయకముందే ఆ గాట్లు లెక్కపెట్టి రాసుకోవాలి. మందం తప్పితే కంప్రెషన్ మారుతుంది, మరీ పలుచనిది వేస్తే పిస్టన్ వాల్వుకు తగిలే ప్రమాదమూ ఉంది. సాగేలా బిగించే హెడ్డు బోల్టులను రెండోసారి వాడొద్దు. ఓల్డ్స్‌మొబైల్ బోల్టులకు జరిగింది మన షెడ్డులోనూ జరుగుతుంది.

పెట్రోలు కారుకు డీజిల్ ఇంజన్ ఎక్కించాలని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడం కుదరదు, అనుమతి లేకుండా చేస్తే ప్రమాదంలో ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. చట్టం పక్కన పెట్టి చూసినా ఖర్చు ఇంజన్‌తో ఆగదు. గేరుబాక్సు, డ్రైవ్ షాఫ్టులు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, మౌంటింగు బ్రాకెట్లు, రేడియేటరు, బ్రేకులు, వైరింగు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఇంధన ట్యాంకు అన్నీ మారాలి. వెల్డింగు చేసిన బ్రాకెట్టు 190 న్యూటన్ మీటర్ల కుదుపుకు అంచున చిట్లుతుంది. ఇవన్నీ లెక్కవేస్తే, మొదటి నుంచి డీజిల్ కారుగా తయారైనదాన్ని కొనడమే చౌక.

సీఎన్‌జీ గురించి ఒక మాట. డీజిల్ పోయాక ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది సీఎన్‌జీ వైపు వెళ్తున్నారు. సిలిండర్, కిట్టు, బ్రాకెట్లు కలిపి 80 నుంచి 100 కిలోలు. అంటే పెట్రోలు కారు డీజిల్ అంత బరువెక్కుతుంది, కాకపోతే ఆ బరువు డిక్కీలో, వెనక చక్రాల మీద పడుతుంది. కంపెనీ సీఎన్‌జీ కారుకు వెనక స్ప్రింగులు మార్చి ఇస్తారు. బయట కిట్టు వేయించుకున్నప్పుడు వెనక స్ప్రింగులు మార్చకపోతే నిండు కారు వెనక కూలబడి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో కొడతాయి. హెడ్‌లైటు ఎత్తు సరిచేసే చక్రం స్టీరింగ్ పక్కనే ఉంటుంది, ముందు దాన్ని తిప్పి చూసి, సరిపోకపోతే స్ప్రింగు షాపుకు వెళ్లాలి.

95 కిలోలు మోస్తూ కూడా డీజిల్ డిజైర్ కంపెనీ లెక్క ప్రకారం లీటరుకు 28.4 కిలోమీటర్లు ఇచ్చింది, పెట్రోలు డిజైర్ 22 ఇచ్చింది. ఎక్కువ కంప్రెషన్ వల్ల ఇంధనంలోని వేడిలో ఎక్కువ భాగం పనికొస్తుంది. గాలిని పీల్చేటప్పుడు పెట్రోలు ఇంజన్‌లోలా అడ్డుతలుపు మూసి లాగాల్సిన పని లేదు. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే శక్తి కూడా ఎక్కువే. ట్రాక్టరు దగ్గరికి వస్తే ఈ బరువు భారమే కాదు. నాగలి పట్టాలంటే చక్రాలు నేలను గట్టిగా నొక్కాలి, అందుకే రైతులు ట్రాక్టరు టైర్లలో నీళ్లు నింపుతారు, ముందు బంపరుకు ఇనుప దిమ్మెలు తగిలిస్తారు. దుక్కిలో ట్రాక్టరుకు కావాల్సిన అదే బరువు, కారులో ముందు స్ప్రింగుల మీద, టైర్ల అంచుల మీద కనిపిస్తుంది.